పేరు పెట్టి పిలిచిన పలుకు యంత్రములు

 

ఈ సాయంకాలమున నేను మీతో ముచ్చటింపదలచిన విషయము వినుటకు స్వల్పముగా తోచును. ఒక గదిలోని కంప్యూటరు ప్రక్క గదిలోని కంప్యూటరును పేరు పెట్టి పిలిచినచో ఆ పిలుపు దానికే యెట్లు చేరుచున్నది? ఒక యంత్రమునకు 'గ్రంథాలయము' అని పేరు పెట్టితిమి. మన చేతిలోని ఫోను ఆ పేరును మాత్రమే యెరుగును. అది యెచ్చట నున్నదో యెరుగదు. అయినను రెప్పపాటు కాలములో దానిని కనుగొనుచున్నది. ఈ కనుగొనుట యే రీతిగా జరుగుచున్నదో, అందు మేలెంతయో, జాగ్రత్త యెంత వలయునో మనవి చేసెదను.

ఇది పట్టణవాసులకు మాత్రమే చెందిన ముచ్చట యని తలపవలదు. నేడు గ్రామ పాఠశాలలోను, సహకార సంఘపు కార్యాలయములోను, గ్రంథాలయములోను రెండు మూడు కంప్యూటర్లును, ఒక ప్రింటరును, వాని నన్నిటిని కలుపు ఒక రౌటరును ఉండుట వింత కాదు. మన భూముల కాగితములు, పిల్లల ధ్రువపత్రములు, సంఘపు జమాఖర్చులు ఈ యంత్రముల నడుమనే నడచుచున్నవి. కావున ఒక పేరు పిలిచినప్పుడు పలుకునది యేది, పలికినది నిజముగా ఆ పేరుగలదేనా యని విచారించుట పెద్దలకు తగిన పనియే.

ఒక కార్యాలయములోగాని యింటిలోగాని తీగల మూలముననో వైఫై మూలముననో కలిసి యొకదానితో నొకటి మాటలాడుకొను యంత్రముల గుంపును స్థానిక నెట్‌వర్కు అందురు. ఇందులోని ప్రతి యంత్రమునకును ఒక అంకె చిరునామా యుండును. 192.168.1.20 అనునట్లు నాలుగు సంఖ్యలు, నడుమ చుక్కలు. ఒక్కొక్క సంఖ్య 0 మొదలు 255 వరకు నుండవచ్చును. ఈ విధమున ఏర్పడు చిరునామాలు మొత్తము సుమారు 429 కోట్లు. యంత్రములు తమలో తాము ఉత్తరములు పంపుకొనునప్పుడు వ్రాసికొనునది యీ యంకెనే గాని పేరును గాదు. పేరు మనుష్యుల సౌకర్యము కొరకు.

అట్లయినచో ఆ యంకెనే గుర్తుంచుకొనరాదా యని మీరడుగవచ్చును. అచ్చటనే చిక్కున్నది. ఈ యంకె యంత్రమునకు సొంత ఆస్తి కాదు, కౌలు. రౌటరు ప్రతి యంత్రమునకును ఒక చిరునామాను కొంత గడువునకు కౌలునకిచ్చును. గడువు తీరులోగా యంత్రము మరల అడిగినచో కౌలు పొడిగించును. అడుగనిచో ఆ చిరునామాను మరియొక దానికి ఇయ్యవచ్చును. ఈ కౌలు పద్ధతికి 1993వ సంవత్సరమున నిబంధనలు వ్రాయబడినవి. నేడు ఒక అంకె ప్రింటరునకు ఉండును. రేపు విద్యుచ్ఛక్తి పోయి వచ్చిన పిదప అదే యంకె ఎవరి ఫోనునకో పోవచ్చును. కౌలుదారు మారినను పొలము పేరు మారనట్లు, అంకె మారినను నిలిచియుండు పేరొకటి కావలసి వచ్చినది. పేరునుండి నేటి యంకెను తెలిసికొను మార్గమును కావలసి వచ్చినది.

తొలినాళ్లలో ఈ సమస్యకు దొరికిన మార్గము పూర్వపు కరణముగారి దస్త్రమును బోలినది. అమెరికా దేశమున 1969వ సంవత్సరములో ఆర్పానెట్టు అను పేరుతో దూరదూరముల నున్న కంప్యూటర్లను కలిపిరి. 1970వ దశకమునాటికి వీని సంఖ్య పెరుగగా, కాలిఫోర్నియా రాష్ట్రమున మెన్లో పార్కులోని స్టాన్‌ఫర్డు పరిశోధన సంస్థయందు ఒక సమాచార కేంద్రము పేర్ల జాబితాను నిర్వహించెను. ఆ కేంద్రమునకు ఎలిజబెత్ ఫైన్లర్ అను విదుషి నాయకురాలు. ఎవరు క్రొత్త యంత్రమును చేర్చినను ఆ కేంద్రమునకు తెలుపుకొనవలసి యుండెను. అక్కడివారు పేరును, అంకెను జాబితాలో నెక్కించెడివారు. తక్కినవారు ఆ జాబితాను తెచ్చుకొని తమ యంత్రములలో నకలుంచుకొనెడివారు. అనగా ఊరికంతటికి ఒకే దస్త్రము. ప్రతి యింటను దాని నకలు. ఆనాటి గురుతుగా నేటికిని కంప్యూటర్లలో 'హోస్ట్స్' అను పేరుతో ఒక చిన్న జాబితా యుండుట కలదు.

యంత్రములు వందలకు మించగా ఆ యొక్క జాబితా చాలలేదు. నకళ్లు పాతబడెను, ఒకే పేరును ఇరువురు కోరుటయు తటస్థించెను. అప్పుడు 1983వ సంవత్సరమున దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన సమాచార శాస్త్రముల సంస్థలో పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు వేరొక యేర్పాటును రచించెను. దీనిని డి.ఎన్.ఎస్. అందురు. జిల్లా, తాలూకా, గ్రామము అను వరుసలో ఎవరి దస్త్రమును వారే వ్రాసికొని, పై దస్త్రములో క్రింది దస్త్రము ఎవరియొద్ద నున్నదో మాత్రము సూచించుట యిందలి కిటుకు. ప్రపంచమందలి ఇంటర్నెట్టు పేర్లన్నియు నేటికిని ఈ వరుసలోనే నడచుచున్నవి. మన భారతదేశపు పేర్ల కొన 'భారత్' అను మాట తెలుగు లిపిలో సైతము ఈ దస్త్రమున నమోదై యున్నది.

అయితే ఈ గొప్ప యేర్పాటు మన గదిలోని ప్రింటరునకు ఉపకరింపదు. ఎందుచేతననగా నిన్న కొనితెచ్చిన ప్రింటరు పేరును ఏ దస్త్రములోను ఎవరును వ్రాయలేదు. పెద్ద కార్యాలయములలో జీతమునకు ఒక నిపుణుడు ఉండి, తమ లోపలి పేర్లకు ప్రత్యేకముగా ఒక దస్త్రమును ఉంచును. చిన్న పాఠశాలకును, సామాన్యుని యింటికిని అట్టివాడెక్కడ దొరకును? మరియు ఇంటర్నెట్టు తెగిపోయిన దినమున బయటి దస్త్రమును అడుగుటకే వీలుండదు. కాని గదిలోని కంప్యూటరు, గదిలోని ప్రింటరు అప్పుడును ఎదురెదురుగానే యున్నవి గదా! కరణము లేని ఊరిలో మనిషిని వెదకుటకు ఉపాయమేమి? నడివీధిలో నిలిచి కేకవేయుట. యంత్రములును ఆ పనియే చేయుచున్నవి.

ఈ కేక పద్ధతికి పాతవాడుక కలదు. 1983వ సంవత్సరమున సైటెక్ అను కంపెనీ, ఐ.బి.యం. వారి చిన్న కంప్యూటర్ల కొరకు నెట్‌బయాస్ అను నేర్పాటును తయారుచేసెను. అందు ఒక పేరునకు 16 స్థానములు. తరువాతి వాడుకలో చివరి స్థానమును యంత్రము చేయు పనిని తెలుపుటకు కేటాయించుటచేత, పేరునకు మిగిలినవి 15. యంత్రము మేల్కొనగానే "ఈ పేరు నాది, ఎవరికైన అభ్యంతరమా?" అని గుంపునంతటిని ఉద్దేశించి చాటును. ఎవ్వరును పలుకనిచో ఆ పేరు దానిదగును. దానిని వెదకువారును అట్లే అందరిలో చాటుదురు. పేరుగలది జవాబు చెప్పును. దండోరా వేసినప్పుడు పని యున్నవాడును లేనివాడును చెవియొగ్గవలసినట్లు, ఇందు ప్రతి చాటింపును ప్రతి యంత్రమును వినక తప్పదు. పది యంత్రములున్నచో బాధ లేదు. వందలకొలది యున్నచో చాటింపుల రొదయే పెద్ద పనియగును.

నేడు విశేషముగా వాడుకలో నున్నది ఇంతకంటె మేలైనది. స్టువర్ట్ చెషైర్ అను నిపుణుడు దీనికొరకు మిక్కిలి పాటుపడెను. 2002వ సంవత్సరమున ఆపిల్ కంపెనీవారు దీనిని తమ కంప్యూటర్లలో రాండెవూ అను పేరుతో ప్రవేశపెట్టిరి. 2005లో ఆ పేరును బాంజూర్ అని మార్చిరి. 2013వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున చెషైర్, మార్క్ క్రోక్మాల్ అను నిరువురు వ్రాసిన నిబంధనల పత్రము అందరు తయారీదారులకును ఉపయోగపడునట్లు ప్రకటింపబడెను. నేటి ఫోనులు, కంప్యూటర్లు, ప్రింటర్లు చాలవరకు ఈ పద్ధతి నెరుగును. ఇందలి పేర్లకు చివర 'లోకల్' అను తోక యుండును. ఆ తోకను చూడగానే యంత్రము, "ఇది బయటి దస్త్రములలో వెదకవలసిన పేరు కాదు, ఇచ్చటనే కేకవేయవలసిన పేరు" అని గ్రహించును.

ఈ కేక దండోరావంటిది కాదు; రేడియోవంటిది. నేనిప్పుడు పలుకుచున్న మాటలు గాలిలో అన్ని యిండ్లమీదుగను పోవుచున్నవి. కాని ఈ కేంద్రమునకు ముల్లు త్రిప్పి పెట్టుకొన్నవారు మాత్రమే వినుచున్నారు. తక్కినవారికి దీని బాధ లేదు. అట్లే పేర్ల విచారణకై 224.0.0.251 అను ఒక ప్రత్యేకమైన అంకె నిర్ణయింపబడినది. అది ఏ యొక్క యంత్రమునకును చెందినది కాదు. ఆ కేకలు వినగోరిన వారందరును చేరు కూటమిది. పేరు కావలసిన యంత్రము ఆ కూటమిని ఉద్దేశించి, "గ్రంథాలయము అను పేరుగలవా రెవరు? మీ యంకె యెంత?" అని యడుగును. పేరుగలది, "నేనే, నా యంకె యిది" అని పలుకును. ఈ కేకను రౌటరు తన గుంపును దాటి బయటి ప్రపంచమునకు పోనీయదు. ఊరి కేక ఊరి పొలిమేరలోనే యణగును.

ఇందలి మర్యాదలు వినదగినవి. క్రొత్తగా వచ్చిన యంత్రము వెంటనే "నేను ఫలానా" అని ప్రకటింపదు. మొదట ఒక సెకండులో నాలుగవ వంతునకు మించని కొంత కాలము ఊరకుండును. విద్యుచ్ఛక్తి రాగానే అన్ని యంత్రములును ఒక్క పెట్టున కేకవేయకుండుటకై ఈ యాలస్యము ఒక్కొక్కదానికి ఒక్కొక్క విధముగ నుండును. పిమ్మట సెకండులో నాలుగవ వంతు ఎడముతో మూడుమారులు, "ఈ పేరు ఎవరైన పెట్టుకొనిరా?" అని యడుగును. ఎవ్వరును పలుకనిచో అప్పుడు కనీసము రెండుమారులు, ఒక సెకండు ఎడముతో, "ఈ పేరు నాది, నా యంకె యిది" అని ప్రకటించును. ఎవరైన "నాది" యని పలికినచో, క్రొత్తది జగడమాడక వేరొక పేరు చూచుకొనును. మన ఊళ్లలో ఇరువురు సుబ్బయ్యలున్నచో ఒకనిని పెద్ద సుబ్బయ్య యనియు, ఒకనిని చిన్న సుబ్బయ్య యనియు పిలుచుకొందుము. యంత్రములు పెద్ద చిన్న యనక, పేరు చివర 2 అను నంకెను తగిలించుకొనును.

విన్న జవాబును యంత్రము కొంతసేపు జ్ఞాపకముంచుకొనును, మాటిమాటికి కేకవేయదు. పేరునకు అంకె యిది యను జవాబు సాధారణముగా 120 సెకండ్లవరకు చెల్లును. పిదప మరల విచారింపవలెను. అంకెలు కౌలునకు వచ్చినవగుటచే ఈ గడువు అవసరము. అదిగాక, ఒక యంత్రము ఆగిపోవుటకు ముందు, వీలున్నచో, గడువు సున్న యని తెలుపుచు ఒక తుది ప్రకటన చేయును. అది వినినవారు దాని పేరును తమ జ్ఞాపకమునుండి తీసివేయుదురు. ఇంటినుండి బయలుదేరునప్పుడు "పోయివత్తును" అని చెప్పిపోవు మర్యాద యంత్రములకును నేర్పిరి!

పేరు మూలమున అంకె తెలిసిన తరువాత మరియొక మెట్టు కలదు. ప్రతి యంత్రములోని నెట్‌వర్కు భాగమునకును తయారైనచోటనే 48 ద్వ్యంకములు గల వేరొక గుర్తు పెట్టబడియుండును. ద్వ్యంకమనగా సున్నయో ఒకటియో. తీగమీదగాని వైఫైలోగాని ఉత్తరము తుదకు చేరునది ఆ గుర్తు ననుసరించియే. కావున యంత్రము మరల, "ఈ యంకె యెవరిది?" అని చాటి ఆ గుర్తును తెలిసికొనును. ఈ రెండవ విచారణకు డేవిడ్ ప్లమ్మర్ అను నాతడు 1982వ సంవత్సరమున నిబంధనలు వ్రాసెను. పేరునుండి అంకె, అంకెనుండి గుర్తు. రెండు కేకలు, రెండు జవాబులు. పిదపనే మన కాగితము ప్రింటరునకు పోవును. ఇదంతయు మనము మీటనుండి వ్రేలు తీయులోపల జరుగుచున్నది.

తెలుగువారికి సంతోషము గూర్చు అంశ మొకటి చెప్పెదను. ప్రపంచపు దస్త్రములో తెలుగు పేరు వ్రాయవలెనన్న దానిని మొదట ఇంగ్లీషు అక్షరములుగా సంకేతించి వ్రాసికొందురు. ఈ స్థానిక పద్ధతియందు అట్టి మారువేషము అవసరము లేదు. తెలుగు లిపి యున్నదున్నట్లు సాగును. ఒక పేరునకు 63 స్థానములు. తెలుగులో ప్రతి అక్షరమునకు, ప్రతి గుణింతపు గుర్తునకు, ప్రతి పొల్లునకు మూడేసి స్థానములు పట్టును. 'గ్రంథాలయపు ప్రింటరు' అను పేరునకు, నడిమి ఎడముతో గూడ, 55 స్థానములు సరిపోవును. కొన్ని యంత్రములు తమ సొంత పేరునకు ఇంగ్లీషు అక్షరములనే కోరును గాని, ప్రింటరువంటి సేవకు పెట్టు పేరు తెలుగులో నుండుటకు నిబంధనలలో నిషేధము లేదు.

ఇంతవరకు మేలు చెప్పితిని. ఇక జాగ్రత్త పడవలసిన భాగమునకు వచ్చుచున్నాను. మీరు తక్కినవి మరచినను దీనిని మరువవలదని ప్రార్థన.

ఈ కేక పద్ధతి యంతయు ఒక్క నమ్మకముమీద నిలిచియున్నది. పిలిచిన పేరుగలవాడే పలుకునను నమ్మకము. పేరునకు ఇరువురు పోటీపడినప్పుడు ఒకరు తప్పుకొందురను నమ్మకము. నిబంధనలు వ్రాసిన పెద్దలే ఈ సంగతిని దాచలేదు. అందరును సహకరించువారే యను భావముతో ఈ పద్ధతి యేర్పడినదని ఆ పత్రములోనే చెప్పిరి. అందరు నొకరినొకరెరిగిన చిన్న పల్లెలో తలుపు వెలుపలినుండి "నేను సుబ్బయ్యను" అనిన చాలును. గొంతు గుర్తుపట్టి తలుపు తీయుదుము. యంత్రమునకు గొంతు తెలియదు. ఎవరు ముందు "నేనే" యన్న వారే సుబ్బయ్య.

దురుద్దేశము లేకున్నను పొరపాటు రావచ్చును. నేనెరిగిన యొక కార్యాలయమున రెండు గదులలో రెండు ప్రింటర్లకు ఒకే పేరు పెట్టిరి. రెండవది నిబంధన ప్రకారము 2 అను నంకెను తగిలించుకొనెను. ఇట్లు ఎన్నుకొన్న పేరును యంత్రము జ్ఞాపకముంచుకొనవలెనని పెద్దల సలహా. కాని ఉంచుకొననివియు కలవు. ఒకనాడు విద్యుచ్ఛక్తి పోయి వచ్చెను. ఈసారి రెండవది ముందు మేల్కొని అసలు పేరును గైకొనెను. లోపలి గదిలో రహస్యముగ నుండవలసిన ఒక కుటుంబపు భాగపంపిణీ చిత్తు, పదిమంది కూర్చున్న ముందుగదిలో అచ్చయ్యెను. పంపినవాడు పిలిచిన పేరు సరియైనదే; పలికినది వేరు. ఆ సాయంకాలమునకు అన్నదమ్ముల లెక్క ఊరంతయు తెలిసిపోయెను. కాగితమును వెనుకకు తీసికొనవచ్చును గాని, చదివినవారి కన్నులను వెనుకకు తీసికొనలేము గదా!

ఇక దురుద్దేశమున్నచో చెప్పనేల? 2007వ సంవత్సరమున విండోసు కంప్యూటర్ల వాడుకకు తగినట్లు ఎల్.ఎల్.ఎం.ఎన్.ఆర్. అను మరియొక కేక పద్ధతికి నిబంధనలు వెలువడెను. ఉద్యోగి యొకడు పెట్టె పేరులో ఒక అక్షరము తప్పు వ్రాసెననుకొందము. కంప్యూటరు దస్త్రము నడుగును. అట్టి పేరు లేదని జవాబు వచ్చును. అప్పుడది ఊరకుండక, "ఈ పేరుగలవా రెవరైన నున్నారా?" అని కేకవేయును. గుంపులో పొంచియున్న మోసకాడు, "నేనే" యని పలుకును. లేని పేరునకు సైతము వాడు పలుకును! నమ్మిన కంప్యూటరు, అలవాటు ప్రకారము, తన యజమానుని రహస్యపదమునకు సంబంధించిన రుజువును మారురూపమున వానికి పంపును. వాడు దానిని తీసికొనిపోయి, తీరికగా లక్షలకొలది మాటలతో సరిపోల్చి చూచుకొనును. రహస్యపదము సులువైనదైనచో తాళము వాని చేతికి వచ్చినట్లే. ఈ కారణముచేతనే శ్రద్ధగల కార్యాలయములలో ఈ పాత కేకలను నిలిపివేయుచున్నారు.

మరి పలికినది నిజమైనదో కాదో తేల్చుట యెట్లు? పెద్ద ఇంటర్నెట్టులో దీనికి సాక్షి సంతకము కలదు. ఒక బ్యాంకు పేరు పిలిచినప్పుడు, పలికిన యంత్రము తన ధ్రువపత్రమును చూపును. అందు, "ఈ పేరు వీరిదే" యని నమ్మకమైన సంస్థ సంతకముండును. స్థానికపు పేర్లకు అట్టి సాక్షి దొరకదు. ఏలయనగా 'ప్రింటరు' అను పేరు లక్షలాది యిండ్లలో నుండును; అది యెవరిదని దూరమున నున్నవాడు సంతకము చేయగలడు? ఒకప్పుడు కొందరు అట్టి లోపలి పేర్లకును ధ్రువపత్రము లిచ్చెడివారు. అది అపాయకరమని గ్రహించి, ఆ సంస్థలును బ్రౌజరుల తయారీదారులును కూడుకొని, 2015 నవంబరు తరువాత చెల్లునట్టివి ఇయ్యరాదనియు, ఉన్నవి 2016 అక్టోబరునకు రద్దు కావలెననియు కట్టడి చేసికొనిరి. ఊరి సుబ్బయ్యకు ఊరివారే సాక్షి. రాజధాని సాక్ష్యము పనికిరాదు. కావున మన గుంపునకు మనమే కాపలా.

ఈ కాపలాకు విశేష విద్య యక్కరలేదు. పెద్దలు చేయింపదగిన పనులు కొన్ని కలవు.

మొదటిది, గుంపులోనికి ఎవరిని రానిచ్చుచున్నామో చూచుకొనుట. కేక వినగలవాడే అబద్ధపు జవాబు చెప్పగలడు. కార్యాలయపు వైఫై రహస్యపదమును గోడమీద వ్రాసి పెట్టుట, వచ్చినవారందరికి చెప్పుట మానవలెను. అతిథులకు వేరు వైఫై నేర్పరచు సదుపాయము నేటి రౌటర్లలో అనేకములందు కలదు, దానిని వాడవలెను.

రెండవది, పేర్లు తేటగా, వేరువేరుగా పెట్టుట. 'లోపలి గది ప్రింటరు', 'ముందుగది ప్రింటరు' అని పెట్టినచో పైని చెప్పిన భాగపంపిణీ కాగితమునకు ఆ గతి పట్టదు. ముఖ్యమైన యంత్రములకు రౌటరులో శాశ్వతపు కౌలు వ్రాయించుకొనుటయు మంచిదే. అట్లు చేసినచో వాని యంకె మారదు.

మూడవది, రహస్య కాగితమును పంపుటకు ముందు ఒక మనిషిని ప్రింటరు చెంత నిలుపుట. చాల ప్రింటర్లలో, పంపినవాడు వచ్చి గుర్తు సంఖ్యను నొక్కినగాని అచ్చు వేయకుండునట్టి యేర్పాటు సైతము కలదు.

నాలుగవది, ఎన్నడు నడుగని యంత్రము హఠాత్తుగా రహస్యపదము నడిగినను, ఎరిగిన యంత్రము పేరు చివర 2 అను నంకె క్రొత్తగా కనబడినను, "ఈ యంత్రపు గుర్తు మారినది" అని హెచ్చరిక వచ్చినను, విసుగుతో సరే యని నొక్కివేయక, ఒక క్షణమాగి విచారించుట. ఆ హెచ్చరిక ఇంటి కుక్క మొరుగు వంటిది. తొంబదిసార్లు పిల్లినిచూచి మొరుగవచ్చును. అంతమాత్రమున దాని నోరు కట్టివేయము గదా!

ఐదవది, యంత్రములలోని ప్రోగ్రాములకు తయారీదారులు పంపు సవరణలను సకాలమున వేయించుట. పాత కేకలతో పని లేని చోట వానిని నిలిపివేయుమని, మీ పిల్లలలో ఈ విద్య నెరిగిన వారిని అడుగుట. వారు నవ్వకుండ చేయుదురు. మీరు ఈ మాట యెరుగుదురని కొంత ఆశ్చర్యపడినను పడుదురు.

అయ్యలారా! పేరు పెట్టుట మన పెద్దలు వేడుకగా జరిపించు కార్యము. బిడ్డకు పేరు పెట్టునాడు పదిమందిని పిలిచి, పది చెవులు వినునట్లు చెప్పుదురు. పేరు గాలిలోని మాటయే; దానికి బలము వినిన పదిమంది సాక్ష్యము. ఈ యంత్రములును మూడుమారులు అడిగి, రెండుమారులు చాటి పేరు పెట్టుకొనుచున్నవి. కాని బిడ్డ పేరు వినినవారు వానిని ఎత్తుకొని, పెంచి, ఎరిగినవారు. యంత్రపు పేరు వినిన యంత్రములు ఎరుగనివి. ఎరుక మనుష్యునిది. దానిని యంత్రమునకు అప్పగించి మనము నిద్రింపరాదు. పిలుచుట, పలుకుట వాని పని. పలికినవా రెవరో ఎరిగియుండుట మన పని.